సిద్ధం చేసే మాట, కదిలించే మాట

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి బ్యాటర్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. కంటికి కనిపించినదానికి స్పందించి వేలు కదిలించడానికి మనిషికి సెకనులో సుమారు ఐదో వంతు కావాలి. క్రికెట్ ప్రసారంలో స్టేడియం పక్కన నిలిపిన ఓబీ (అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్) వ్యాన్‌లో డైరెక్టర్ చూసి చెప్పాలి, తెర మీది కెమెరాను మార్చే విజన్ మిక్సర్ విని బటన్ నొక్కాలి. ఇద్దరి ఆలస్యమూ కలిస్తే బంతి పిచ్ దాటేంత సమయం గడిచిపోతుంది. అయినా షాట్ గాల్లోకి లేవగానే తెర సరైన కెమెరాకు మారుతుంది. ఈ ఘనతను మనం యంత్రాల ఖాతాలో వేస్తాం కానీ, అందులో పెద్ద వాటా మాటల పొదుపుది.

డైరెక్టర్ ముందు ‘రెడీ త్రీ’ అంటారు, తర్వాత ‘టేక్’ అంటారు. మొదటి మాటకు మూడో కెమెరా ఆపరేటర్ ఫోకస్ సరిచూసుకుంటారు, విజన్ మిక్సర్ వేలు ఆ బటన్ మీదికి చేరుతుంది. రెండో మాటకు నొక్కడమే మిగులుతుంది. ఏం చేయాలో ముందే తెలిస్తే స్పందన త్వరగా వస్తుందని, పలు దారుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఆలస్యమవుతుందని 1868లో డచ్ శాస్త్రవేత్త డోండర్స్ చూపించారు. ఎంపికలు పెరిగేకొద్దీ ఆ ఆలస్యం ఎలా పెరుగుతుందో 1952లో విలియం హిక్ లెక్కగట్టారు. ‘రెడీ’ అన్న మాట ఆ ఎంపికను ముందే ముగించేస్తుంది. బ్యాట్‌కు బంతి తగిలాక ‘రెడీ’ అనే వ్యవధి ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, ఉండదు. అందుకే బంతిని వెంబడించేదెవరు, బ్యాటర్‌ను వదలకూడనిదెవరు అన్నది ఆటకు ముందే పంచుకుంటారు. ఆ తర్వాత డైరెక్టర్ అంకె పలికితే చాలు.

డైరెక్టర్ మాట సిబ్బంది చెవులకు చేరే టాక్‌బ్యాక్ లైన్‌లోనే రీప్లే, గ్రాఫిక్స్, శబ్ద విభాగాలూ ఉంటాయి. రెండు చెవుల్లో రెండు సందేశాలు వినిపిస్తే, శ్రద్ధ పెట్టని చెవిలోని మాటలు దాదాపు ఏమీ గుర్తుండవని 1953లో కోలిన్ చెర్రీ ప్రయోగాలు తెలిపాయి. మాట్లాడుతూనే హెడ్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ సూచన వినాల్సిన వ్యాఖ్యాతకు ఇది నిత్యపరీక్ష. అందుకే ఆ సూచన నాలుగు మాటలు దాటకపోవడం మేలు. ఇంత కట్టుబాటు కెమెరా ఆపరేటర్ల చొరవను చంపుతుందనే విమర్శకు జవాబు వాళ్ల పనిలోనే ఉంది. మంచి దృశ్యం దొరికితే వాళ్లు ఫ్రేమ్‌లో నిలిపి చూపిస్తారు. డైరెక్టర్ ముందున్న మానిటర్లలో ఆ చిత్రమే వాళ్ల మాట.

ఇక బంతిని యంత్రమే వెంబడించగలిగినప్పుడు ఇవన్నీ ఎందుకన్న ప్రశ్న. క్రికెట్ ప్రసారంలోకి 2001లో వచ్చిన హాక్‌ఐ బంతి దారిని లెక్కగడుతుంది. కానీ ఎల్బీడబ్ల్యూ సమీక్షలో థర్డ్ అంపైర్ ముందు నోబాల్ చూపించమంటారు, తర్వాత బంతి బ్యాట్‌ను తాకిందా అని చూస్తారు, ఆపైనే బంతి దారి. ఆ వరుసలో ఏ కోణం అడిగినా వెంటనే అందించాలి. వికెట్ పడ్డాక బౌలర్ సంబరాన్ని చూపాలా, వెనుదిరిగే బ్యాటర్ ముఖాన్నా అన్నది లెక్కకు అందని నిర్ణయం. కొత్త పరికరం చేరిన ప్రతిసారీ సమన్వయం చేయాల్సిన పనులు పెరుగుతాయి. కాబట్టి ఈ రంగంలోకి వచ్చే యువతకు పరికరాలతో సమానంగా మాట్లాడటం, ముఖ్యంగా మాట్లాడకుండా వినడం నేర్పాలి.