పాత కంప్యూటరులో అమ్మ ఉత్తరాలు

బరంపురంలో మూడు తరాలుగా స్థిరపడ్డ కుటుంబం మాది. మా అమ్మ రాసిన ఉత్తరాలను కంప్యూటరులో ఎక్కించి పిల్లలకు అందించాలని ఎన్నాళ్ళుగానో కోరిక. 2025 అక్టోబరులో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిశాక, మా అబ్బాయి పాత కంప్యూటరులో ఉబుంటు లైనక్సు వేసి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

తెలుగు ఖతుల కోసం అలవాటుకొద్దీ ఇంటర్నెట్‌లో వెదికి, విండోస్ ఫైలొకటి దింపుకున్నాను. ఎన్నిసార్లు నొక్కినా కదలలేదు. ఫోను చేస్తే అబ్బాయి నవ్వి, "నాన్నా, ఊరంతా తిరగక్కర్లేదు. సరుకంతా ఒకే కొట్లో ఉంటుంది" అన్నాడు. ఆ కొట్టు పేరు రిపాజిటరీ. సరుకు తెచ్చిపెట్టేది 'ఆప్ట్'.

టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అని కొడితే సరుకుల జాబితా తాజా అవుతుంది. తరువాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్' అని, పక్కన ప్యాకేజీ పేరు కొట్టాలి. సుడో అంటే బ్యాంకులో అధికారి ఆమోదం వంటిది. అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. నేను కొడుతూంటే తెరమీద చుక్కయినా కనపడలేదు. కీబోర్డు పాడయిందనుకుని రెండుసార్లు ఆపేశాను! భద్రత కోసమే దాస్తుందట.

చెక్కు మీది సంతకాన్ని మేము నమూనాతో పోల్చినట్టే, ఆప్ట్ కూడా రిపాజిటరీ డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. అవసరమైన తోడు ప్యాకేజీలనూ తానే తెస్తుంది. 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా'తో పోతన, వేమన ఖతులు వచ్చాయి. 'ఐబస్-ఎం17ఎన్' వేసి, ఒకసారి లాగౌట్ అయి వచ్చి, సెట్టింగుల్లో తెలుగు కీబోర్డు చేర్చుకున్నాను.

ఆ రాత్రి అమ్మ ఉత్తరంలోని మొదటి వాక్యం తెరమీద పడింది. మా అమ్మాయి కూడబలుక్కుని చదివింది.

ఒక్క హెచ్చరిక. ఎవరో చెప్పారని అర్థం తెలియని సుడో ఆజ్ఞ కొట్టకండి. అది ఖాళీ చెక్కు మీద సంతకమే!