చేయించి నేర్పే చదువు: అపోహలు – వాస్తవాలు

టీచరు ఉద్యోగమంటే మన ఇళ్లలో డీఎస్సీ, బదిలీలు, పీఆర్సీ చుట్టూనే మాటలు తిరుగుతాయి. పిల్లల చేతికి ఏ పని ఇస్తే ఏ సంగతి బోధపడుతుందో ఆలోచించి, దాన్ని పాఠంగా మలచడం కూడా ఈ వృత్తిలో భాగమే. ఆ పనిలోనే జీవితమంతా గడిపినవాళ్లున్నారు. ఈ సంగతి పెద్దగా ఎవరికీ తెలియకపోవడంతో అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: చేయించి నేర్పాలంటే ల్యాబ్ ఉండాలి, డబ్బుండాలి.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లలో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని తలకెత్తుకున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు, ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్తలు తోడొచ్చారు. పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చుని ప్రయోగం చేసేవారు, చూసింది రాసుకునేవారు, వాదించుకునేవారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వాళ్ల పుస్తకం ప్రశ్నలే అడిగేది, జవాబులు చెప్పేది కాదు. 1978 నాటికి అది జిల్లా అంతటికీ పాకింది. ఆ ఏడాదే టెల్కో కంపెనీ నుంచి సెలవు పెట్టి అక్కడికి వెళ్లిన ఐఐటీ కాన్పూర్ ఇంజనీరు అర్వింద్ గుప్తా, అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి జ్యామితి నమూనాలు తయారుచేశారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. సామాను చవకదే కావచ్చు, కానీ పగిలినవాటికీ అయిపోయినవాటికీ బదులు కొత్తవి ఎప్పటికప్పుడు అందాలి. అది జరగని చోట ఎంత మంచి పాఠమైనా రెండో ఏటికి మూలపడుతుంది.

అపోహ: పిల్లల చేత చేయిస్తే టీచరుకు పని తగ్గుతుంది.

లోలకం పాఠమే తీసుకోండి. దారానికి రాయి కట్టి ఊపించడం ఎవరైనా చేస్తారు. బరువు పెరిగితే లోలకం త్వరగా ఊగుతుందని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. అది నిజమో కాదో వాళ్లే తేల్చుకోవాలి. చిన్న రాయి తీసి పెద్ద రాయి కట్టమంటే చిక్కొస్తుంది. లోలకం పొడవును రాయి మధ్యదాకా కొలవాలి కాబట్టి రాయి పెద్దదైతే పొడవూ మారిపోతుంది. రెండూ ఒకేసారి మారితే తేడా దేనివల్ల వచ్చిందో పిల్లలకు ఎలా తెలుస్తుంది? అందుకని ఒకేలాంటి రెండు చిన్న టానిక్ సీసాలు తెప్పించి, ఒకదాన్నిండా నీళ్లు, ఇంకోదాన్నిండా ఇసుక పోయించాలి.

తర్వాత లెక్కపెట్టడం. సీసా వదులుతూనే పిల్లలు ‘ఒకటి’ అంటారు. అలా పది అనేసరికి నిజంగా అయ్యేవి తొమ్మిది ఊపులే. ‘సున్నా’ అంటూ వదలమనాలి. ఒక్క ఊపుకే స్టాప్‌వాచీ నొక్కితే వేలి తడబాటు లెక్కను చెడగొడుతుంది. 20 ఊపులు లెక్కపెట్టి భాగించమనాలి. 25 సెంటీమీటర్ల పొడవుకు 20 ఊపులకు సుమారు 20 సెకన్లు పడుతుంది. మీటరు పొడవుకు ఎంత పడుతుందో ముందే ఊహించి రాయమంటే, నాలుగు రెట్లు కదా అని 80 వేసేవాళ్లుంటారు. కొలిస్తే వచ్చేది 40. నమ్మకం కుదరక మళ్లీ కొలుస్తారు. పాఠం పట్టుబడేది ఆ రెండో కొలతలో. జవాబు ముందే చెప్పేస్తే ఆ రెండో కొలత ఉండదు, టీచరు నోరు కట్టేసుకోవాల్సింది అక్కడే. ఒక్క పీరియడ్ వెనక ఇంత ఆలోచన ఉంటుంది. దీనికంటే నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పేయడమే సులువు.

అపోహ: పాఠాలు తయారుచేసేది ప్రొఫెసర్లు, టీచరు చెప్పేవాడు మాత్రమే.

‘సున్నా’తో మొదలుపెట్టించాలన్న సంగతి తరగతిలో నిలబడ్డవాళ్లకే తడుతుంది. హోషంగాబాద్‌లో టీచర్లు నెలనెలా కలుసుకుని, ఏ ప్రయోగం కుదరలేదో, ఏ ప్రశ్న పిల్లలకు అందలేదో చెప్పుకునేవారు. వాటిని బట్టి అధ్యాయాలను తిరగరాసేవారు. మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాకేంద్రంలోనైతే, ఒకే గదిలో ఒకే టీచరు అన్ని తరగతులనూ చూసుకునే పల్లె బడుల కోసం కార్డుల పద్ధతిని రూపొందించారు. ఎవరు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ముందుకు సాగుతారు. తమిళనాడు ప్రాథమిక బడుల్లో వచ్చిన కార్యకలాపాల పద్ధతికి ప్రేరణ అదే.

అపోహ: ఇలా చదివితే సిలబస్ పూర్తికాదు, మార్కులు రావు.

ఇందులో సగం నిజముంది. చేసి తెలుసుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి పాఠాల సంఖ్య తగ్గించక తప్పదు. హోషంగాబాద్ వాళ్లు పరీక్షనే మార్చారు. పుస్తకం చూసుకుంటూ రాసే పరీక్ష ఒకటి, చేసి చూపించే పరీక్ష ఇంకొకటి పెట్టారు. పరీక్షను మార్చకుండా పాఠాన్ని మాత్రమే మారిస్తే ఏమవుతుందో మన ఇంటర్ ప్రాక్టికల్ రికార్డులు చూస్తే తెలుస్తుంది. గురుత్వ త్వరణం 980 (సెం.మీ./సె²) రావాలని అదే లోలకం రీడింగులను వెనక నుంచి లెక్కగట్టి రాసేస్తారు. కొలిచి 950 రాసిన పిల్లవాడికి మార్కులు పోతాయన్న భయం ఉన్నంతకాలం నిజాయితీగా కొలవమని అడిగే హక్కు మనకు లేదు. ముప్పై ఏళ్లు నడిచిన హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. పాఠం ఎంత బాగున్నా, వ్యవస్థ చేయి వదిలేస్తే నిలబడదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇది తెలిసే రావాలి.

అపోహ: ఇంకే ఉద్యోగమూ రానివాళ్లు చేసే పని ఇది.

విషయం లోతుగా తెలియనివాళ్లు ఈ పని చేయలేరు. డీఈఎల్‌ఈడీ లేదా బీఎడ్, ఆపై టెట్, డీఎస్సీ అందరికీ తెలిసిన దారి. ఆ దారిలో వచ్చిన టీచర్లు కూడా ఎస్‌సీఈఆర్‌టీలో పాఠ్యపుస్తకాల రచనలో పాల్గొంటారు. సైన్సు, గణితం ఎలా నేర్పాలన్నదాని మీదే పీహెచ్‌డీ చేయాలంటే ముంబైలో హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఉంది. విద్యాశాస్త్రంలో ఎంఏకు బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది. ఏ దారిలో వెళ్లినా, ముందు కొన్నేళ్లు బడిలో పాఠం చెప్పి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ రోజుల్లోనే ఒక్కో పాఠం పిల్లల దగ్గర ఎక్కడ తప్పిందో, మర్నాడు ఏం మార్చారో తేదీ వేసి రాసిపెట్టుకోండి. కరికులం పనికి ఎవరైనా పిలిచినప్పుడు సర్టిఫికెట్ల కంటే ముందు చూపించాల్సింది ఆ నోటుబుక్కునే.