క్లోరోఫారము: హైదరాబాదు పరీక్షలు

హైటెక్ సిటీ మేడలలో నేడు మన ఆడపడుచు లనేకులు ఔషధ పరీక్షల ఫలితములను జల్లించి చూచు కొలువులు చేయుచున్నారు. ఏ మందు ఏ సాక్ష్యముచే మంచిదనిపించుకొన్నదో తేల్చుటయే వారి పని. ఈ పనికి ఆ నగరముననే నూరేండ్లకు మించిన పూర్వకథ యొకటి గలదు.

శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారము పీల్పించు కాలమున ఒక్కొక్క రోగి బల్లమీదనే ప్రాణము విడుచుచుండెను. మొదట ఆగునది ఊపిరియా, గుండెయా? ఊపిరియే యని హైదరాబాదు వైద్యపాఠశాల యధిపతి ఎడ్వర్డు లారీ దొర వాదము. నాడి చూడ నక్కరలేదు, ఊపిరిని కనిపెట్టిన చాలు ననెను. 1888లో కుక్కలపై పరీక్షలు జరిపించెను. సీమవైద్యులు నమ్మరైరి. అంతట ఆరవ నిజాము ధనమీయగా, 1889లో లండను లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటను పండితుని బంపెను. 400కు పైగా జంతువులను (పాపము, ఆ మూగజీవులు!) పరీక్షించి లారీ మాటయే నిజమని ప్రకటించిరి.

ఆ పాఠశాలలో 1885లో చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూంజీ యొకతె. 1889లో హకీము పట్టమంది, ఏండ్ల తరబడి రోగులకు స్వయముగా క్లోరోఫారమిచ్చెను. లోకమున స్త్రీలలో తొలి మత్తువైద్యురాలని ఈమెను చెప్పుదురు.

అయినను బల్లమీది మరణములు మానలేదు. 1911లో లీవీ యను వైద్యుడు పిల్లులపై పరీక్షించి మరియొక కారణము చూపెను. మత్తు చాలీచాలని వేళ అడ్రినలిను తోడైనచో గుండె లయదప్పి హఠాత్తుగా ఆగిపోవును. బెదరిన మనుష్యుని యొడలిలో అడ్రినలిను తనంతటనే యూరును గదా! హైదరాబాదులోనో, జంతువులకు చాలవరకు ప్రాణము పోవునంత నిండుగా మత్తు నిచ్చిరి. ఇక నా ప్రమాదము వారి కంటబడు టెట్లు?