కాంక్రీటు తోట కొలనుకు చేపలకు హాని చేయని పూత: అనకాపల్లి పరిసరాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఇంటి తోటల్లోను, కళాశాలల ఆవరణల్లోను కట్టే చిన్న కాంక్రీటు కొలనులలో వదిలిన చేపలు కొద్ది రోజులకే చనిపోవడం అరుదైన విషయం కాదు. కొత్త సిమెంటు నుండి నీటిలోకి దిగే క్షారం ఇందుకు ఒక ముఖ్య కారణం. లోపలి పూతలోని హానికర పదార్థాలు మరొకటి. ఈ రెండింటి పనితీరును వివరించి, పూతను ఎంచుకొనే పద్ధతిని, చేపలను వదలడానికి ముందు చేయదగిన పరీక్షను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తోట కొలను, సిమెంటు క్షారం, గచ్చు, ఎపాక్సీ పూత, పి.హెచ్., అమ్మోనియా, అనకాపల్లి.

1. ఉపోద్ఘాతం

తోటలోని కొలనులో చేపలు అలంకారం కోసం మాత్రమే ఉండవు. నిలిచిన నీటిలో దోమ లార్వాలను తినేవి అవే. గంబూసియా, గప్పీ చేపలను దోమల నివారణకు వాడటం మనకు తెలిసినదే. చేపలు లేని కొలను దోమల పుట్టిల్లు అవుతుంది. అందువల్ల కొలను లోపలి పూతను ఎంచుకోవడంలో చేసే పొరపాటు చేపలతో ఆగదు, ఇంటివారి ఆరోగ్యాన్నీ తాకుతుంది.

సాధారణంగా అడిగే ప్రశ్న “ఏ రంగు వేయాలి?” అన్నది. కాని హాని చేయకపోవడం డబ్బాలోని రంగుకు మాత్రమే చెందిన గుణం కాదు. పూత, దాని కింది కాంక్రీటు, అందులో నింపే నీరు కలిసి దానిని నిర్ణయిస్తాయి.

2. సిమెంటు క్షారం – చేపలపై ప్రభావం

సిమెంటు నీటితో చర్య జరిపి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, ఉపఫలంగా ఏర్పడుతుంది. దాని సంతృప్త ద్రావణపు పి.హెచ్. సుమారు 12.4. చెరువు చేపలకు 6.5 నుండి 9 వరకు అనుకూలం. 11 దగ్గర అవి బతకవు.

పి.హెచ్. 9 దాటకముందే మరొక ప్రమాదం ఎదురవుతుంది. చేపల విసర్జనలోని అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అయాను రూపం అంతగా హాని చేయదు. అయానీకరణం చెందని రూపం మొప్పలకు విషం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద విషరూపం వాటా పి.హెచ్. 7లో సుమారు 0.8 శాతం, 8లో 7.5 శాతం, 9లో 45 శాతం. కోస్తా జిల్లాల్లో నీరు ఏడాదిలో చాలా కాలం వెచ్చగా ఉంటుంది కనుక ఈ లెక్క ఇక్కడ మరింత వర్తిస్తుంది.

చేపల రైతులు మట్టి చెరువులలో సున్నం చల్లడం ఇందుకు విరుద్ధంగా కనిపించవచ్చు. అక్కడ ఆమ్ల స్వభావం గల అడుగు మట్టిని సరిచేయడానికి కొలిచి వేస్తారు. కాంక్రీటు కొలనులో సున్నాన్ని పీల్చుకొనే మట్టి లేదు, కొలత కూడా లేదు.

3. కొలను పరిమాణం, నీటి స్వభావం

కొలను చిన్నదైన కొద్దీ క్షార ప్రభావం పెరుగుతుంది. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 0.6 మీటరు లోతు గల కొలనులో 1,800 లీటర్ల నీరు పడుతుంది. నీరు తాకే గోడలు, అడుగు కలిపి 7.2 చదరపు మీటర్లు. అంటే ఒక ఘనపు మీటరు నీటికి 4 చదరపు మీటర్ల సిమెంటు. 10 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 1.5 మీటర్ల లోతు గల తొట్టిలో ఇది 1.1 చదరపు మీటర్లకు మించదు.

నీటి స్వభావమూ అంతే ముఖ్యం. బోరు నీటిలోని బైకార్బనేట్లు క్షారాన్ని కొంతవరకు అడ్డుకుంటాయి. వాననీటికి ఆ శక్తి దాదాపు లేదు. పై కొలనును వాననీటితో నింపితే, సుమారు 7 గ్రాముల సున్నం కరిగినా పి.హెచ్. 10 దగ్గరికి చేరుతుంది. కనుక బోరు నీటితో క్షేమంగా ఉన్న కొలను ఒక పెద్ద వాన తరువాత ప్రమాదకరం కావచ్చు.

4. గచ్చు నుండి సిమెంటుకు: బెల్లం విషయంలో జాగ్రత్త

సిమెంటు రాకముందు మన తొట్లకు, గోడలకు గానుగ సున్నంతో గచ్చు చేసేవారు. అందులో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపే ఆచారం ఉంది. బెల్లపు మార్కెట్టుకు పేరుపొందిన అనకాపల్లిలో ఈ జ్ఞాపకం సిమెంటు పనికీ బదిలీ అయ్యే అవకాశం ఉంది. కాని ఈ రెండింటి రసాయన శాస్త్రం వేరు. సున్నపు గచ్చు ప్రధానంగా గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. సిమెంటు నీటితో చర్య వల్ల గట్టిపడుతుంది. సిమెంటు బరువులో వెయ్యింట ఒక వంతు చక్కెర కూడా ఈ చర్యను బాగా ఆలస్యం చేస్తుంది. మోతాదు పెరిగితే సిమెంటు సరిగా గట్టిపడకపోవచ్చు. అటువంటి బలహీనమైన పొర నీటిని పీలుస్తుంది, సున్నాన్ని ఎక్కువగా వదులుతుంది.

సున్నాన్ని తగ్గించే ఆధునిక మార్గం ఫ్లై యాష్ కలిసిన పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు. ఇందులోని బూడిద తడి సున్నంతో చర్య జరిపి దానిని కరగని బంధకంగా మారుస్తుంది. పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రం వంటి బొగ్గు ఆధారిత కేంద్రాలలో వెలువడేది ఈ బూడిదే. అయితే ఈ చర్య నెమ్మదిగా జరుగుతుంది కనుక ఎక్కువ రోజులు తడపాలి. ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఇటువంటి సిమెంటుకు కనీసం 10 రోజులు, పొడిగా వేడిగా ఉన్న వాతావరణంలో 14 రోజులు తడపాలి.

5. పూతల ఎంపిక

(అ) పూత లేని నునుపు సిమెంటు: గట్టిగా దిమ్మిస చేసిన కాంక్రీటుపై నున్నని పూతపని ఉంటే, ఊరబెట్టిన తరువాత వేరే రంగు అవసరం లేదు. ఖర్చు తక్కువ, కాలం ఎక్కువ.

(ఆ) పాలిమర్ కలిసిన సిమెంటు పూత: తడి గోడకూ అంటుకుంటుంది, సన్నని రంధ్రాలను మూస్తుంది. కాని ఇదీ సిమెంటే కనుక దీనినీ ఊరబెట్టాలి.

(ఇ) ద్రావకం లేని ఎపాక్సీ: తాగునీటి తొట్లకు ధ్రువీకరించిన రకాన్నే ఎంచుకోవాలి. ఇది క్షారాన్ని సమర్థంగా అడ్డుకుంటుంది. రెసిన్, హార్డెనర్ పాళ్ళు తప్పితే చర్యలో పాల్గొనని అమీన్లు మిగిలి నీటిలోకి దిగుతాయి. అవి చేపలకు విషం. తాకితే ఆరినట్లు ఉండటం వేరు, చర్య పూర్తి కావడం వేరు. తయారీదారు చెప్పిన పూర్తి గడువు ముగిసే వరకు నీరు నింపరాదు. తేమ గల గాలిలో ఈ పూత సరిగా కుదరదు, గోడ వెనుక నుండి ఊట నీరు నెట్టితే బుడగలు లేస్తుంది. అనకాపల్లి వంటి చోట వానకాలానికి ముందే ఈ పని ముగించడం మంచిది.

(ఈ) వాడరానివి: తారు ఆధారిత ఎపాక్సీ, నాచు పట్టకుండా రాగి సమ్మేళనాలు కలిపిన రంగులు, శిలీంధ్ర నాశకాలు గల గోడ రంగులు. మనిషికి హాని లేని మోతాదులో ఉన్న రాగి కూడా చేపను చంపగలదు.

6. ఊరబెట్టడం, పరీక్ష

సిమెంటు పూతను నీటితో నింపి, కొన్ని రోజులు ఉంచి, తోడి, ఆరనిచ్చి మళ్ళీ నింపాలి. ఆరిన ప్రతిసారీ గాలిలోని కార్బన్ డయాక్సైడు ఉపరితలపు సున్నాన్ని కాల్షియం కార్బనేటుగా మార్చి రంధ్రాలను మూస్తుంది. నీటిలో అరటి బోదె ముక్కలు వేసే వాడుకకూ ఆధారం ఉంది. అవి కుళ్ళేటప్పుడు వెలువడే సేంద్రియామ్లాలు, కార్బన్ డయాక్సైడు క్షారాన్ని తగ్గిస్తాయి. ఆ నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది కనుక దానిని పూర్తిగా తోడివేసి కడగాలి.

ఆఖరిసారి కొత్త నీరు నింపిన రోజే అదే నీటిని ఒక ప్లాస్టిక్ బకెట్టులో కొలను పక్కన ఉంచాలి. ఏడు రోజుల తరువాత తెల్లవారుజామున రెండింటి పి.హెచ్. కొలవాలి. మధ్యాహ్నం నాచు కిరణజన్య సంయోగక్రియ వల్ల కూడా పి.హెచ్. పెరుగుతుంది. ఉదయపు కొలత, బకెట్టుతో పోలిక ఉంటే ఆ పెరుగుదలను సిమెంటుకు ఆపాదించే పొరపాటు జరగదు. రెండింటి మధ్య తేడా అర యూనిట్ లోపు ఉండి, కొలను నీటి పి.హెచ్. 8.5 దాటకపోతే రెండు మూడు చేపలతో ఆరంభించవచ్చు. దాటితే మళ్ళీ ఊరబెట్టాలి. ఈ కొలత క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. పూతలోని అమీన్లు, రాగి దీనికి అందవు. అక్కడ ధ్రువీకరణ, పూర్తి గడువే రక్షణ.

7. ముగింపు

ఖరీదైన పూత తొందరపాటును సరిచేయలేదు. మంచి కాంక్రీటు, తగినన్ని రోజుల తడుపు, ఓపికతో ఊరబెట్టడం ఉన్నచోట పూత అవసరమే చాలావరకు తగ్గుతుంది. పూత తప్పనిసరైనచోట పదార్థపు పేరు కన్నా అది పూర్తిగా గట్టిపడటమే ప్రధానం. చేపలను వదిలే రోజును పని ముగిసిన తేదీ కాకుండా నీటి పి.హెచ్. నిర్ణయించాలి. కళాశాల ఆవరణలోని కొలను విషయంలో ఈ కొలతలను విద్యార్థులే తీసుకొని నమోదు చేస్తే, ఆ కొలను రసాయన, జంతుశాస్త్ర విభాగాలకు ఉమ్మడి ప్రయోగశాల కూడా అవుతుంది.