ఉబ్బసమునకు ఈత

కార్తీకమాసమున మైపాడు తీరమునకు సముద్రస్నానమునకై వచ్చు కుటుంబములను జూడుడు. పిల్లలందఱును అలలలో కేరింతలు కొట్టుచుండ, ఒక బిడ్డ మాత్రము శాలువ కప్పుకొని ఒడ్డున కూర్చుండును. "దానికి ఉబ్బసము, నీరు పడదు" అని తల్లి యనును. ఆ భయము ప్రేమవలన బుట్టినదే. కాని యది సరియైనదేనా?

ఉబ్బసమున ఊపిరిగొట్టములు వాచి, వాని చుట్టునున్న కండరములు బిగిసి, గాలిదారి సన్నగిల్లును. పరుగెత్తునప్పుడు నోటితో వడివడిగా పీల్చు పొడిగాలి ఆ గొట్టముల తడిని హరించుటచే పిల్లికూతలు పుట్టును. నీటిపై నుండు గాలి తేమగలది. కావున ఈతలో నీ బాధ తక్కువ. అదిగాక, ఈదువారు ఊపిరిని లెక్కగా పీల్చి, మెల్లగా విడుచుట నేర్తురు.

2013వ సంవత్సరమున కాక్రేన్ సంస్థవారు ఉబ్బసముగల 262 మంది పిల్లలపై జరిగిన 8 పరిశోధనలను పరిశీలించిరి. ఈతవలన దేహదార్ఢ్యమును, ఊపిరితిత్తుల శక్తియు వృద్ధియగుననియు, రోగము అదుపున నున్న పిల్లలు దానికి చక్కగా తాళుదురనియు తెలిపిరి. ఇతర వ్యాయామములకంటె ఇది మేలా యను సంగతి మాత్రము తేలలేదు. అమెరికా దేశస్థురాలగు ఎమీ వాన్ డైకెన్ బాల్యమునుండి ఉబ్బసపీడితురాలు. వైద్యుల సలహాపై ఈత నేర్చి, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలందు నాలుగు స్వర్ణపతకములు గెలిచెను.

అయినను ఈత ఔషధము కాదు. మృగశిరకార్తెనాడు హైదరాబాదున చేపమందునకై బారులు తీరువారివలె, ఒక్క మునుకతో రోగము పోవునని యాశింపరాదు. వైద్యుని యడిగి, రోగము అదుపున నున్నప్పుడే మొదలిడవలయును. నిత్యము వాడు ఇన్‌హేలరును మానరాదు. వెంటనే ఉపశమనమిచ్చు ఇన్‌హేలరును గట్టుననే యుంచవలెను. నాలుగుగోడల నడుమనున్న కొలనులలో క్లోరిన్ ఘాటు కొందఱికి పడదు. గాలి పాఱు కొలను మేలు.

ఈత నేర్చుటకు సముద్రము తగదు. మన తీరమున లోనికీడ్చు ప్రవాహములు గజయీతగాండ్రనైన మ్రింగును. లోతు తెలిసిన కొలనున, నేర్పరి యెదుట, మొదట పది నిమిషములు చాలును. ఆయాసము తోచిన వెంటనే గట్టెక్కవలయును.

ఆడపిల్లకు ఈతయేల యందురా? 2021లో తెలుగు వనిత గోలి శ్యామల పాక్ జలసంధిని ఈది దాటినది! శాలువ కప్పి కూర్చుండబెట్టినచో బిడ్డకు రోగము తగ్గదు, ధైర్యము తగ్గును. వచ్చు కార్తీకమునకు ఆ బిడ్డయు తల్లి చేయి పట్టుకొని, మోకాలిలోతు అలలలో నవ్వుచు నిలుచుగాక!