పరుగెత్తే పిల్లకు పళ్ళెము నిండా పెట్టండి

కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వచ్చిందంటే చాలు, మన ఊళ్ళలో కోడి కూయకముందే రోడ్ల మీద పరుగులు మొదలవుతాయి. మగపిల్లలతో సమానముగా ఆడపిల్లలూ పరుగెత్తుతున్నారు. చూడడానికి ఎంతో సంతోషము. అయితే వారిలో కొందరు రాత్రి తిన్న నాలుగు ముద్దలతోనే, ప్రొద్దున ఒక గ్లాసు టీ త్రాగి బయలుదేరుతారు. బరువు తగ్గితే వేగము పెరుగుతుందని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట గురించే నేడు కొంచెము మాట్లాడుకుందాము.

అమెరికా దేశములో మేరీ కెయిన్ అనే అమ్మాయి ఉంది. 2013లో, పదిహేడేండ్ల వయస్సులో, మాస్కోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో పెద్దవాళ్ళతో కలిసి 1500 మీటర్ల ఫైనల్ పరుగెత్తి పదవ స్థానములో నిలిచింది. మరుసటి సంవత్సరము 3000 మీటర్లలో జూనియర్ల ప్రపంచ విజేత అయింది. తరువాత ఆమె పేరు వినబడడము క్రమముగా తగ్గిపోయింది. ఎందుకో 2019 నవంబరులో ఆమే న్యూయార్క్ టైమ్స్ పత్రిక ద్వారా లోకానికి చెప్పింది. ఇంకా సన్నబడాలి, ఇంకా సన్నబడాలి అని శిక్షణలో వెంటబడ్డారట. తోటివారి ఎదుటనే తూకము వేశారట. మూడేండ్లు ఆమెకు నెలసరి రాలేదు. ఐదు ఎముకలు విరిగాయి. ఆమె ఆరోపణలను శిక్షకుడు కాదన్నాడు. వారిద్దరి మధ్య తీర్పు చెప్పడము మా పని కాదు. కాని నెలసరి ఆగడానికీ ఎముక విరగడానికీ ఉన్న సంబంధము మాత్రము ప్రతి తల్లీ తెలుసుకోవలసినది.

ఇది ఇంటి జమాఖర్చు వంటిదే. మనము తిన్నదానిలో నుండి వ్యాయామానికి అయిన ఖర్చు తీసివేయగా మిగిలినదానితోనే గుండె కొట్టుకోవాలి, రక్తము తయారు కావాలి, ఎముక పెరగాలి, గాయము మానాలి. యాభై కిలోల అమ్మాయిని తీసుకోండి. ఒంటిలోని కొవ్వును ప్రక్కన పెడితే ఆమె బరువు సుమారు నలభై కిలోలు. రోజుకు 1800 కేలరీల ఆహారము తింటుంది. మామూలుగా అయితే ఆ తిండికి వంక పెట్టనక్కరలేదు. కాని ఉదయము, సాయంత్రము కలిపి పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు 600 కేలరీలు దానికే పోతాయి. మిగిలేది 1200. అంటే ఆ నలభై కిలోలలో కిలోకు 30 కేలరీలు. నిజానికి సుమారు 45 ఉండాలి. 2003లో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త మరొకరితో కలిసి ప్రచురించిన పరిశోధనలో, ఈ మిగులు 30కి దిగువకు పోయినప్పుడు నెలసరిని నడిపించే హార్మోను లయ ఐదు రోజులలోనే తప్పింది. ఐదు రోజులు! ఆ గీత అందరికీ ఒకేచోట ఉండదని తరువాత తేలింది గాని, హెచ్చరికగా చాలు.

చేతిలో డబ్బు లేనప్పుడు మనము ముందు ఏ ఖర్చు ఆపుతాము? ఇల్లు కట్టే పని ఆపుతాము, పొయ్యి ఆపము గదా. శరీరము కూడా అంతే. ప్రాణము నిలుపుకొని, బిడ్డను మోసే ఏర్పాటును వాయిదా వేస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఎముక పలుచబడుతుంది. ఇరవై యేండ్ల లోపునే ఎముకలో చాలా భాగము గట్టిపడాలి. సరిగ్గా ఆ వయస్సులోనే ఈ నష్టము. ముందు ముంగాలు ఒకేచోట నొప్పిపెడుతుంది, తరువాత సన్నని బీట. చలి ఎక్కువ, విసుగు, తరచుగా జలుబు, ఎంత సాధన చేసినా తగ్గుతున్న వేగము. మగపిల్లలు తప్పించుకున్నారనుకోకండి. వారిలోనూ హార్మోను తగ్గుతుంది, ఎముక దెబ్బతింటుంది. అందుకే 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ జబ్బుకు స్త్రీ పురుషులిద్దరికీ వర్తించే పేరు పెట్టింది.

తూకము చూసి ధైర్యపడడము కూడా మోసమే. లోపల ఖర్చులు తగ్గించుకొని శరీరము బరువును అలాగే నిలబెట్టవచ్చును. పిల్ల బొద్దుగానే ఉంది గదా అనకూడదు.

ఈ మాట వ్రాయడానికి కొంచెము సంకోచించాము. కాని వ్రాయక తప్పదు. పరుగెత్తే అమ్మాయికి నెలసరి ఆగితే, "పోనీలే, పరీక్ష అయ్యేవరకు బాధ తప్పింది" అనుకునే ఇండ్లున్నాయి. వరుసగా మూడు నెలలు రాకపోయినా, పదిహేనేండ్లు నిండినా మొదలు కాకపోయినా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు ఉండవచ్చును గనుక పరీక్షలు చేయిస్తారు. మందుల షాపులో అడిగి నెలసరి తెప్పించే మాత్రలు కొనివేయకండి. రక్తము కనబడుతుంది, ఆకలి తీరదు, ఎముక బాగుపడదు. అసలు వైద్యము తిండి పెంచడము, కొన్నాళ్ళు పరుగు తగ్గించడము.

ఉపవాసము గురించి కూడా అడుగుతారు. కఠినమైన సాధనలో ఉన్న పిల్లలు ఆ దినములలో ఉపవాసముండనక్కరలేదని మా అభిప్రాయము. ప్రార్థనకు కడుపు మాడ్చుకొనవలసిన పని లేదు.

పెట్టడానికి ఖరీదైన డబ్బా పొడులు అవసరము లేదు. బయలుదేరేముందు ఒక అరటిపండు. తిరిగి రాగానే, స్నానానికి ముందే, బెల్లము వేసిన రాగిజావ, గుడ్డు. మధ్యాహ్నము పప్పన్నములో నెయ్యి. సాయంత్రము గుప్పెడు వేరుశనగలు. అందులోనే 170 కేలరీల దాకా ఉంటాయి. రాత్రి పెరుగన్నము. ఇంటిలో అన్నదమ్ములు తిన్న తరువాత మిగిలినది తినే అలవాటుంటే, పరుగెత్తే అమ్మాయి విషయములోనైనా దానిని మానండి.

నెలసరి మరల రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చును, ఎముకకు ఇంకా ఎక్కువ కాలము. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు చివరి నెలసరి తేదీ, రోజుకు ఎంత దూరము పరుగెత్తుతుంది, ఏమేమి తింటుంది అన్నవి ఒక కాగితము మీద వ్రాసుకొని వెళ్ళండి. అమ్మాయి నాన్న ఎదుట చెప్పలేకపోతే అమ్మ గాని, అక్క గాని తోడు వెళ్ళడము మంచిది.