ఎండకు మొరాయించే కారు – ఒక రేకు చేసే మేలు

ఎండాకాలంలో పాత పెట్రోలు అంబాసిడర్ ఎక్కినవారికి ఈ సంగతి అనుభవమే. నడిచినంతసేపూ బాగానే నడుస్తుంది. పది నిమిషాలు ఆపి మళ్ళీ తాళం తిప్పితే మాత్రం ససేమిరా అంటుంది. కిందటేడు మే నెలలో మా నాయనమ్మకు వడదెబ్బ తగిలితే బాబాయి కారులో చీమకుర్తి నుంచి ఒంగోలు బయలుదేరాం. దారిలో మంచినీళ్ళ కోసం ఆపాం. అంతే, కారు కదల్లేదు. బాబాయి పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టి అరగంట కాచుక్కూర్చున్నాడు. నాయనమ్మకు గండం గడిచింది గానీ, "ఈ ఇనుమును తూకానికి అమ్మెయ్‌రా" అన్నాడు నాన్న. తప్పు ఎక్కడుందా అని వెదికితే, మనం తరగతిలో చదివిన ఉష్ణ ప్రసారం పాఠమే జవాబు చెప్పింది.

నీటికిమల్లే పెట్రోలుకు ఒకే మరుగు బిందువు లేదు. అందులోని తేలిక భాగాలు సుమారు 35–40 డిగ్రీలకే ఆవిరి కాసాగుతాయి. బరువైనవి 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. పంపులో ఆవిరి చేరితే పెట్రోలు ముందుకు రాదు. కార్బురేటర్ తొట్టిలోనే మరిగితే పొంగి ఇంజనులోకి దిగుతుంది. మొదటిదానికి తడిగుడ్డ పనిచేస్తుంది, కుండలో నీళ్ళు చల్లబడినట్టే. రెండోదానికి చేయదు. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టు చేయాలి.

మరి ఆపినప్పుడే ఎందుకీ తంటా? ఇంజను ఆగితే ఫ్యాను ఆగుతుంది, నీటి ప్రవాహమూ ఆగుతుంది. కాలిన ఇనుములోని వేడంతా పైకి వస్తుంది. అంబాసిడర్‌లో పొగగొట్టపు మానిఫోల్డు, కార్బురేటర్ ఇంజనుకు ఒకే పక్కన ఉంటాయి. పొయ్యి పక్కనే పాలగిన్నె పెట్టినట్టన్నమాట! 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులో తయారైన ఎంజీబీ స్పోర్ట్సు కారుదీ ఇదే బీఎంసీ 'బీ' కుటుంబం ఇంజను. దానికి కార్బురేటర్ల వెనుక వేడి ఆపే రేకు కంపెనీయే బిగించింది.

ఆ రేకు ఏం చేస్తుంది? స్టెఫాన్ నియమం ప్రకారం వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్నిబట్టి పెరుగుతుంది. 400 డిగ్రీల మానిఫోల్డు, 60 డిగ్రీల వస్తువుకన్నా దాదాపు 17 రెట్లు వేడి వెదజల్లుతుంది. మధ్యలో నల్లటి రేకు అడ్డం పెట్టినా సగం ఆగుతుంది. మెరిసే అల్యూమినియమైతే చాలావరకు తిప్పికొడుతుంది. బోల్టుల గుండా పాకే వేడికి కార్బురేటర్ కింద బేకలైటు దిమ్మ వేయాలి.

బిగించే పద్ధతి కష్టమేం కాదు. ఇంజను పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ తీసి, కార్బురేటర్ విప్పాలి. ప్రతి పొరకూ మధ్య కొత్త గాస్కెట్ వేయాలి. మందం పెరుగుతుంది కనుక పొడవైన స్టడ్లు కావాలి. నట్లు అతిగా బిగిస్తే అంచు వంగి గాలి లాగుతుంది. యాక్సిలరేటర్ కడ్డీ రేకుకు తగలకుండా ఆడుతున్నదీ లేనిదీ చూడాలి. పాత కార్లలో ఆస్బెస్టాస్ అట్ట ఉంటే చేత్తో గీకవద్దు, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

బాబాయీ నేనూ మార్చిలో ఈ పని చేశాం. ఈ మే నెలలో నాయనమ్మను రెండుసార్లు ఒంగోలు తీసుకెళ్ళి తెచ్చాం. కారు ఆగలేదు. నాన్న తూకం మాట మళ్ళీ ఎత్తలేదు. తడిగుడ్డ మాత్రం బాబాయి ఇంకా డిక్కీలోనే ఉంచాడు!